బటన్ వెనక మనిషి

తనిఖీ మేడం ఫోన్ పెట్టేయగానే నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఎదురు బల్ల దగ్గర మా బావ చేతిలోని టీ కాస్తా చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. స్పీకర్లో ఇద్దరం విన్నది ఒకటే కబురు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. సంబరంలో ఉన్న మనిషికి ఎదుటివాడి చొక్కా ఎక్కడ కనిపిస్తుంది?

ముందు మా సంగతి చెప్పాలి. మాది లిఫ్టులకు బుర్ర తయారుచేసే కంపెనీ. లిఫ్ట్ ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఇవన్నీ దానికి చెప్పే సాఫ్ట్‌వేర్ మేం రాస్తాం. గోడౌన్ లాంటి పెద్ద హాలు, వరసగా బల్లలు, హాలు చివర ఇనుప చట్రంలో నాలుగంతస్తుల ఎత్తున ఒక అసలు సిసలు లిఫ్ట్. దాన్ని టవర్ అంటాం. ఏది రాసినా ముందు టవర్లో వేసి చూడాల్సిందే.

బావ నాకు మేనమామ కొడుకు, ఆ తరవాత మొగుడు. నేనీ కంపెనీలో చేరేనాటికే అతనిక్కడ పాత కాపు. నేను "బావా" అని పిలవడం వినీ వినీ ఆఫీసులో అందరికీ బావే అయిపోయాడు. చివరికి కంపెనీ యజమానికి కూడా. ఆయన్ను మేం పెద్దాయన అంటాం. డెబ్బై దాటిన మనిషి, మొహంలో నవ్వన్నది లేకుండా, "బావగారూ, పని ఎందాకా వచ్చింది?" అని అడుగుతుంటే కొత్తగా చేరినవాళ్ళు బిత్తరపోతారు.

నేను వచ్చేదాకా ఇక్కడ అన్నీ చేత్తోనే రాసేవారు. హోటల్ లిఫ్టుకో కోడ్, ఆస్పత్రి లిఫ్టుకో కోడ్, సరుకుల లిఫ్టుకో కోడ్. ఒకదాంట్లో దిద్దిన తప్పు ఇంకోదాంట్లో అలాగే ఉండిపోయేది. చూసీ చూసీ నాకు చిర్రెత్తుకొచ్చింది. రాయడం ఎందుకు, గీద్దాం అన్నాను. లిఫ్ట్ ఉండగల ప్రతి స్థితికీ ఒక గుండ్రం: ఆగి ఉంది, కదులుతోంది, తలుపు తెరుచుకుంటోంది. ఒక గుండ్రంలోంచి ఇంకో గుండ్రంలోకి ఎప్పుడు పోవాలో చెప్పే బాణం. ఈ బొమ్మనే మోడల్ అంటాం. బొమ్మ సరిగ్గా గీసి బటన్ నొక్కితే, కోడ్ రాసే పని ఇంకో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. దానికి మేం పెట్టుకున్న పేరు రాతగాడు. లిఫ్ట్ మారిందా, బొమ్మలో బాణం మార్చి మళ్ళీ బటన్ నొక్కడమే. రాతగాడు పాతదంతా చెరిపేసి మొత్తం కొత్తగా రాసిపెడతాడు.

కాబట్టి నేను పెట్టిన షరతు ఒకటే. రాతగాడు రాసిన కోడ్ మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తప్పు కనిపిస్తే బొమ్మలో దిద్దాలి. కోడ్‌లో దిద్దితే బటన్ నొక్కిన మరుక్షణం ఆ దిద్దుబాటు గాల్లో కలిసిపోతుంది.

ఆఫీసులో మొదట నవ్వారు. "ముగ్గులేసి లిఫ్టులు నడుపుతుందట" అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. నాకు ముక్కు మీద కోపమని ఇంటా బయటా పేరుంది, ఆ పేరు చెడగొట్టుకోలేదు. తీరా ఎనిమిది నెలలుగా నా బొమ్మలు పనిచేస్తున్నాయి. బటన్ నొక్కడం, టవర్లో వేయడం, లిఫ్ట్ నడవడం. నవ్విన నోళ్ళు మూతపడ్డాయి.

ఇప్పుడు ఒక పెద్ద ఆస్పత్రి తన లిఫ్టులన్నిటికీ మా బుర్రే పెడతానంటోంది. వాళ్ళ తరఫున పరీక్షించే ఇంజనీరే ఈ తనిఖీ మేడం. ఆవిడ పాస్ అంటే కంపెనీ మొత్తం నా దారికి మళ్ళుతుంది. ఫెయిల్ అంటే మళ్ళీ చేతిరాతే. పెద్దాయన ఆ ముక్క దాచకుండా చెప్పేశాడు. "అమ్మాయ్, ఒక్క అవకాశమే" అన్నాడు. నేను కట్టింది ఎవరి ఆసరా లేకుండా దాని కాళ్ళ మీద అది నిలబడుతుందా లేదా, తేలాల్సింది అదొక్కటే.

ఫోన్లో మేడం అన్నది ఇదీ: "రేపు పొద్దున వస్తున్నాను. మీ కంప్యూటర్లు నాకొద్దు, కొత్తది నేనే తెస్తాను. మీ బొమ్మ, మీ రాతగాడు అందులో వేయండి. నా కళ్ళముందు బటన్ నొక్కండి. వచ్చినదాన్ని తిన్నగా లిఫ్టులో వేయండి. మధ్యలో ఎవరి చెయ్యీ పడకూడదు."

"విన్నావా బావా! నేను ఇన్నాళ్ళూ మొత్తుకున్నదే ఆవిడ అడుగుతోంది!"

"ఊఁ" అన్నాడు బావ, చొక్కా తుడుచుకుంటూ. "ఒక వారం ఆగమందామా?"

"ఎందుకట?"

"అంటే... కొత్త కంప్యూటరు కదా... ఎలా ఉంటుందో ఏమో..."

"ఎలా ఉంటుంది? కొత్తగా ఉంటుంది."

నీళ్ళు నమిలాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి మూలనున్న ఉమ్మడి కంప్యూటర్ దాకా వెళ్ళి వచ్చాడు. ఎవరు ఎక్కడ బటన్ నొక్కినా రాతగాడు పనిచేసేది ఆ కంప్యూటర్లోనే. దాని బాగోగులన్నీ బావవే. కాలు కాలిన పిల్లిలా ఆ తిరగడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"నిజం చెప్పు. కుళ్ళు కదూ? నువ్వు ఏళ్ళ తరబడి రాసిన కోడంతా రేపటితో మూలన పడుతుందని."

"అదేలే" అన్నాడు.

మా కాపురంలో నా మాట అతను అంత తొందరగా ఒప్పుకున్నది అదే మొదటిసారి. గెలిచినా సంతోషం కలగలేదు. బావకు కుళ్ళు లేదు. ఆ సంగతి అతనికంటే నాకే బాగా తెలుసు. మరి ఎందుకు ఒప్పుకున్నాడు?

కూర్చోబుద్ధి కాలేదు. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. రేపటి పరీక్షేదో ఇవాళే ఒకసారి పెట్టుకుంటే పోలేదా అనిపించింది. లెక్కలు చూసే అమ్మాయికి కొత్త కంప్యూటర్ వచ్చి ఉంది, ఇంకా అట్టపెట్టె కూడా విప్పలేదు. బతిమాలి తీసుకున్నాను. రాతగాణ్ణి అందులో వేశాను, బొమ్మ వేశాను, బటన్ నొక్కాను. వచ్చిన కోడ్ తీసుకెళ్ళి టవర్లో ఎక్కించాను.

టవర్ దగ్గర మెకానిక్ బాబాయ్ ఉన్నాడు. ఆ లిఫ్ట్ బిగించింది ఆయనే, నూనె పోసేది ఆయనే, రోజూ దాన్లో ఎక్కి దిగేదీ ఆయనే. "మనిషెందుకులే బాబాయ్, ఈ పెట్టెను పంపు" అని ఆ ఖాళీ అట్టపెట్టె ఇచ్చాను. ఆయన దాన్ని సరిగ్గా తలుపు మధ్యలో నిలబెట్టాడు, లోపలికి రాబోతున్న మనిషి లెక్కన. తలుపు మూసుకోబోయి, పెట్టెను చూసి మళ్ళీ తెరుచుకోవాలి. ఎనిమిది నెలలుగా తెరుచుకుంటూనే ఉంది.

తెరుచుకోలేదు. రెండు రెక్కలూ వచ్చి పెట్టెను నడుం దగ్గర నొక్కేశాయి.

బాబాయ్ నోరు తెరిచాడు. "అమ్మాయ్, నిన్న నేనిలాగే నిలబడితే తెరుచుకుందే!"

కంప్యూటర్ మంచిది కాదేమో అనుకున్నాను. పరుగున మూలకు వెళ్ళి అదే బొమ్మ, అదే బటన్ ఉమ్మడి కంప్యూటర్లో నొక్కాను. ఆ కోడ్ ఎక్కించాం. చొట్టపడిన పెట్టెను మళ్ళీ నిలబెట్టాం. తలుపు ఎంతో మర్యాదగా వెనక్కి తగ్గింది.

ఒకటే బొమ్మ, ఒకటే రాతగాడు, రెండు రకాల కోడ్. అదెలా కుదురుతుంది? రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాను. కొత్త కంప్యూటర్ కోడ్ రాతగాడిదే, ఇస్త్రీ చేసినట్టు ఉంది. ఉమ్మడి కంప్యూటర్ కోడ్‌లో అక్కడక్కడా అదనపు వాక్యాలు కనిపించాయి. ఒకచోట నాలుగు, ఇంకోచోట పది. రాతగాడు చచ్చినా అలా రాయడు. కోడ్‌కూ చేతిరాత ఉంటుంది, కాపురం చేసేదానికి అది తెలియకుండా ఉంటుందా? తలుపు దగ్గర అంకెలు లెక్కపెట్టడానికి ఒక చిన్న గడి పెట్టి, దానికి బుజ్జి అని పేరు కూడా పెట్టాడు మహానుభావుడు.

హాలంతా కలియచూశాను. బావ లేడు. బాబాయ్ కళ్ళతోనే పైకి చూపించాడు. టవర్ నెత్తిన మోటార్ ఉండే గది ఉంది. ఇనుప మెట్లు దడదడలాడించుకుంటూ ఎక్కాను. బావ పనిముట్ల పెట్టె మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"బుజ్జి ఎవరు?" అన్నాను.

తెల్లబోయాడు. "మన పాప."

"నా కోడ్‌లో దానికేం పని?"

ఒక్కో మాటా కక్కాడు. నేను పెద్దాయనకు మొట్టమొదట చూపించిన రోజున లిఫ్ట్ మూడో అంతస్తులో బిగుసుకుపోయిందట. నేను ఆయన్ను పిలుచుకురావడానికి వెళ్ళిన ఆ కాస్త వ్యవధిలో, ఇతను కోడ్‌లో చేత్తో ఒక అతుకు వేశాడు. లిఫ్ట్ నడిచింది. చప్పట్లు మోగాయి. మర్నాడు నేను మళ్ళీ బటన్ నొక్కాను, అతుకు చెరిగిపోయింది. మళ్ళీ వేశాడు. ఇంకోచోట ఇంకో లోపం కనిపించింది, దానికో అతుకు. రోజూ వేయలేక, ఉమ్మడి కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు. ఎవరు బటన్ నొక్కినా ముందు రాతగాడు రాస్తాడు, వెనకాలే ఈ ప్రోగ్రాం వచ్చి అతుకులన్నీ వేసి పోతుంది.

"అంటే ఎనిమిది నెలలూ నడిచింది నా బొమ్మ కాదన్నమాట" అన్నాను.

"బొమ్మే. ఏదో కొంచెం..."

"నాతో చెప్పొచ్చుగా?"

"తలుపు సంగతి మొదటి నెలలోనే చెప్పాను. 'బొమ్మలో లేనిది లేనట్టే, నీ పాత అలవాట్లు ఇందులో కలపకు' అని ఇంత ఎత్తున లేచావ్. మళ్ళీ చెప్పే ధైర్యం ఎవరికుంది? పైగా నువ్వు అంత సంతోషంగా ఉంటే..." ఆగిపోయాడు. "నీ మొహం చూసి చెప్పలేకపోయానే."

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది, ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ అందరి ముందూ తలెత్తుకుని తిరిగాను. ఆ తలను వెనక నుంచి ఇతను పట్టుకుని నిలబెట్టాడన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ లేచి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడైనా మించిపోలేదు. ఆ చిన్న ప్రోగ్రాంని రాతగాడిలోనే కలిపేస్తాను. మేడం కంప్యూటర్లోకి రెండూ కలిసే వెళ్తాయి. పాసయిపోతాం. ఎవరికీ తెలీదు."

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. ఊఁ అంటే సరిపోయేది. కానీ ఆ తరవాత? ఆస్పత్రిలో ఎవరో ఎప్పుడో బొమ్మలో ఒక బాణం మారుస్తారు. ఇతని అతుకు కళ్ళు మూసుకుని పాత చోటే వెళ్ళి పడుతుంది. అక్కడ అప్పుడు తలుపుకు బదులు ఇంకేదో ఉంటుంది. లోపల స్ట్రెచర్ మీద మనిషి ఉంటాడు.

"వద్దు. అతుకులన్నీ తీసుకురా. ఒక్కోటీ ఎందుకు వేశావో చెప్పు. బొమ్మలోకి ఎక్కిద్దాం."

"రేపటిలోగానా?"

"కూర్చో" అన్నాను.

మధ్యాహ్నం నుంచి ఇద్దరం ఒకే తెర ముందు కూర్చున్నాం. మొదటి గంట కొట్టుకోవడానికే సరిపోయింది. అతను చెప్పేది అతనికి కరతలామలకం, నోట్లోంచి మాత్రం సగమే బయటికొస్తుంది. నేను "ఎందుకు?" అంటే అతను "అంతే" అంటాడు. అంతే అనే బాణం నేను గీయలేను కదా! మెల్లగా దారిలో పడ్డాం. తలుపు సంగతికి ఒక కొత్త గుండ్రం కావాల్సి వచ్చింది: మూసుకుంటూ అనుమానపడుతోంది. ఆ పేరు బావే పెట్టాడు, బాగుంది కూడా. కొన్ని లోపాలు బొమ్మవి కావు, రాతగాడు వాక్యాలు పోసే అచ్చువి. అచ్చునే మార్చాను. ఒకటి రెండు మటుకు బొమ్మలో ఎంత కుక్కినా ఇమడలేదు. ఒక్కో మోటార్ల కంపెనీకి ఒక్కో తీరుంటుంది, దాన్ని చేత్తో రాసుకోవాల్సిందే. వాటికి వేరే గది కట్టాను. బటన్ ఎన్నిసార్లు నొక్కినా రాతగాడు ఆ గది గడప తొక్కడు, కానీ ఆ గది ఉన్నట్టు బొమ్మలో అందరికీ కనిపిస్తుంది. ఎనిమిది నెలల కిందట బావ అడిగింది అచ్చంగా ఇదే. ఆ మాట అతను అనలేదు. అనకపోవడం ఇంకా ఒళ్ళు మండించింది.

సాయంత్రానికి అన్నీ అయ్యాయి. చివరికి మిగిలింది మొట్టమొదటి అతుకు, మూడో అంతస్తుది.

"ఇది దేనికి?"

"ఆగాక లిఫ్ట్ ఏమాత్రం జారినా, బ్రేక్ పట్టడం లేదని తనంతట తాను బిగుసుకుపోవాలని గీశావు కదా. ఉత్తినే బిగుసుకుంటోంది. హద్దు మరీ గట్టిగా పెట్టావనుకుని, ఎంత జారినా పట్టించుకోకుండా చేశాను."

"ఉత్తినే అని నీకెలా తెలుసు?"

ఆ అతుకును బొమ్మలోకి ఎక్కించలేదు, తీసి అవతల పారేశాను. కొత్త కంప్యూటర్లో బటన్ నొక్కి, వచ్చినదాన్ని టవర్లో ఎక్కించాం. అట్టపెట్టెను తలుపులో పెడితే తలుపు బుద్ధిగా తెరుచుకుంది. పెట్టె తీసి ఖాళీ లిఫ్టును పైకి పంపాం. మూడో అంతస్తులో ఆగింది. ఆగీ ఆగగానే ఎర్ర దీపం వెలిగింది. బిగుసుకుపోయింది.

"చూశావా, చెప్పానా?" అన్నాడు బావ.

"బాబాయ్, ఒకసారి బ్రేక్ విప్పి చూస్తావా?" అన్నాను.

మెకానిక్ బాబాయ్ పైకెక్కి, బ్రేక్ మూత విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలు నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. గేరు పెట్టెలోంచి నూనె సన్నగా కారి బ్రేకు పట్టే చోట చేరింది. బిగించిన నాటి నుంచే కారుతున్నట్టుంది, కింద పొర కట్టి ఎండిపోయి ఉంది.

"అప్పుడప్పుడూ ఆగాక ఓ వెంట్రుకవాసి కిందికి దిగినట్టు ఉండేది" అన్నాడు బాబాయ్, వేలు చూసుకుంటూ. "వయసు మీద పడింది, మోకాళ్ళు వణుకుతున్నాయేమో అనుకున్నా. ఇంటిదానికి చెప్పి నూనె కూడా రాయించుకున్నానమ్మా."

ఎవరం నవ్వలేదు. ఆయన రోజూ ఎక్కే లిఫ్ట్ అది.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందుగా తేరుకున్నదీ అతనే. "బాబాయ్, ఆ గుడ్డ ఇలా ఇవ్వు, తుడిచేద్దాం. పొద్దున్నకల్లా కొత్త బ్రేక్ వేసేద్దాం. మేడం వచ్చేసరికి..."

"గుడ్డ కింద పెట్టు" అన్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. "మళ్ళీ మొదలుపెట్టావా? ఇప్పటిదాకా తప్పంతా నాదే, నువ్వు కాపాడావు అనుకుని కుమిలిపోతున్నాను. నేను తప్పు చేసినచోట కాపాడావు, సరే, దణ్ణం పెడతాను. నేను కరెక్టుగా ఉన్నచోట కూడా నా నోరు నొక్కేశావు కదా! నా బొమ్మ మొదటి రోజే చెప్పింది బావా. అరిచి చెప్పింది. నువ్వు దాని గొంతు పిసికి, నాకు చప్పట్లు కొట్టించావు."

"నేను మంచికే..."

"తెలుసు. అదే నా బాధ."

ఆ లిఫ్టులో ఎవరూ ఎక్కకూడదని తాళం వేయించాను. మేడం ఉన్నదున్నట్టు చూడాలని బ్రేక్ మాత్రం ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు మేడం వచ్చింది. బక్కపల్చటి మనిషి, చంకలో కంప్యూటర్, నమస్కారానికి ప్రతి నమస్కారం తప్ప ఒక్క మాట ఎక్కువ లేదు. పెద్దాయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నేను ఆవిడ కంప్యూటర్లో బటన్ నొక్కాను. ఈసారి నా వెనక ఎవరూ లేరు.

కోడ్ వచ్చింది. ఎక్కించాం. స్ట్రెచర్ బండి తలుపులో పెట్టారు, తలుపు వెనక్కి తగ్గింది. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు. పెద్దాయన మొహం విచ్చుకుంటోంది. మూడో అంతస్తులో ఎర్ర దీపం.

పెద్దాయన నావైపు చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"ఏమిటిది?" అంది మేడం.

నేను నోరు తెరిచేలోగా బావ ముందుకొచ్చాడు. నీళ్ళు నమలలేదు. "బ్రేక్ జారుతోంది మేడం. నిజంగానే జారుతోంది, పైకెక్కి చూడొచ్చు. ఈవిడ బొమ్మ ఎనిమిది నెలల కిందటే పట్టుకుంది. నేను చాటుగా కోడ్‌లో చెయ్యి పెట్టి దాన్ని మాట్లాడనివ్వలేదు. బొమ్మలో ఉన్న మిగతా లోపాలు కూడా అలాగే కప్పేశాను. నిన్న అవన్నీ ఇద్దరం కూర్చుని దిద్దాం. ఇవాళ నా చెయ్యి ఎక్కడా లేదు."

మేడం చెప్పులు విడిచి ఇనుప మెట్లెక్కింది. బ్రేకులో వేలు పెట్టి చూసింది. దిగొచ్చి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మాట్లాడింది. "సాఫ్ట్‌వేర్ పాస్. లిఫ్ట్ ఫెయిల్. బ్రేక్ మార్చి కబురు చేయండి."

ఆవిడ వెళ్ళాక పెద్దాయన "లోపలికి రా" అన్నాడు బావతో. బావగారూ అనలేదు. లోపల ఏం జరిగిందో తలుపు బయటికి కూడా వినిపించింది. ఉద్యోగం తీసేయలేదు గానీ, రేపట్నుంచి కోడ్ ముట్టుకోవద్దని, బొమ్మ గీయడం నేర్చుకుని నా పక్కన కూర్చోమని చెప్పాడు. బావకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

నేను గెలిచాను. అందరూ వచ్చి చెయ్యి కలిపారు. అయినా కుర్చీలో నిలవలేకపోయాను. సాయంత్రం బస్సులో బావ పక్కన కూర్చున్నానే గానీ, కిటికీ కమ్మీ మీద నా వేళ్ళు టకటకమంటూనే ఉన్నాయి. నోట్లో ఒక ప్రశ్న తిరుగుతోంది. అడగకపోతే ఊపిరాడదు, అడిగితే ఏం వినాల్సొస్తుందో.

"బావా, ఇంట్లో కూడా నా వెనక ఇలాగే ఏమన్నా చేస్తుంటావా?"

నవ్వబోయాడు. నా మొహం చూసి మానేశాడు. "అంటే..."

"చెప్పు."

"నువ్వు పాపను తిట్టినప్పుడల్లా నేను తరవాత వెళ్ళి కూర్చుంటాను. అమ్మ బాధపడుతోందమ్మా, నీకు సారీ చెప్పమంది అని చెప్తాను."

నేనెప్పుడూ చెప్పమనలేదు. కోపం దిగిపోయాక పాప మామూలుగా నవ్వుతూ తిరగడం చూసి, నా బిడ్డకు మనసులో ఏదీ ఉండదు, నాలాగే వెంటనే మరిచిపోతుంది అని మురిసిపోయేదాన్ని. అందరితోనూ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"ఎప్పట్నుంచి?"

"దానికి ఊహ తెలిసినప్పట్నుంచి."

"నమ్ముతుందా?"

"చిన్నప్పుడు నమ్మేది. ఈమధ్య నమ్మట్లేదనుకుంటా. 'సరేలే నాన్నా' అని పుస్తకం తెరుచుకుంటోంది."

ఇంటికి వెళ్ళేసరికి పాప తన గదిలో మంచం మీద బోర్లా పడుకుని ఏదో రాసుకుంటోంది. ముందు రోజు పొద్దున స్కూలుకు ఆలస్యమవుతోందని, బూట్లు దొరకలేదని దాన్ని నేను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దున్నపోతా అన్నాను. నీకు బుద్ధి రాదు అన్నాను. ఆ బూట్లు తీరా చూస్తే బాల్కనీలో నేనే ఆరబెట్టాను.

బావ అలవాటు కొద్దీ నా వెనకే గది దాకా వచ్చాడు. వద్దని తల ఊపాను. వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. రేపు చెబుదామా అనిపించింది. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను.

"బూట్లు నేనే బాల్కనీలో పెట్టానే. నీ తప్పు లేదు. నిన్ను అన్ని మాటలు అని ఉండకూడదు. సారీ" అన్నాను.

పాప రాయడం ఆపింది. తల తిప్పి నన్ను చూసింది, తరవాత గుమ్మం వైపు చూసింది.

"నాన్న పంపాడా?" అంది.

"లేదు. నేనే వచ్చాను" అన్నాను.